ధాన్యకటకము : ఒక కృష్ణాతీర నగరము యొక్క చరిత్ర

ప్రస్తావన

ఆంధ్రదేశమందలి ప్రాచీన నగరముల ప్రసంగము వచ్చినపుడు ధాన్యకటకమును "శాతవాహనుల రాజధాని" అని ఒక్క మాటతో పరిచయము చేయుట పరిపాటి. పాఠ్యగ్రంథములలోను, యాత్రికుల కరదీపికలలోను ఈ మాట స్థిరపడిపోయినది. కాని శాసనములను, త్రవ్వకములలో బయల్పడిన వస్తువులను వరుసగా పరిశీలించినచో ఈ పరిచయము రెండు విధముల చాలదని తెలియును. శాతవాహనులు ఇచట రాజధాని నెలకొల్పిరనుటకు తిరుగులేని సాక్ష్యము లేదు. అంతకంటె ముఖ్యముగా, ఈ నగరము శాతవాహనులకు పూర్వమే యున్నది. వారు అంతరించిన పిదప వేయి సంవత్సరములకు పైగా దేశదేశములవారు దీనిని పేరెన్నికగన్న స్థలముగా ఎరిగియుండిరి.

రాజు ఉన్నందువలన మాత్రమే నిలిచిన నగరము రాజుతో పాటు పోవలెను. ధాన్యకటకము అట్లు పోలేదు. అది దేనివలన నిలిచినది, ఎప్పుడు, ఏ కారణమున మరుగుపడినది అనునది ఇచటి విచారము. ఇందుకు ప్రధానాధారములు శాసనములు. పురావస్తువులును, విదేశీయుల వ్రాతలును వానికి తోడగుచున్నవి.

ఉనికి

కృష్ణానది శ్రీశైల, నాగార్జునకొండ ప్రాంతముల కొండల నడుమ నుండి వెలువడి మైదానమున ప్రవేశించిన పిమ్మట, బెజవాడ కొండల సందును చేరుటకు ముందు, దక్షిణపు ఒడ్డున రెండు గ్రామములు ప్రక్కప్రక్కనే కలవు. పడమటిది ధరణికోట, తూర్పుది అమరావతి. ధరణికోట చుట్టును పురాతనమైన మట్టికట్ట ఆనవాళ్లు కలవు. అమరావతియందు అమరేశ్వరాలయమును, దానికి కొంత దూరమున జనులు దీపాలదిన్నె అని పిలిచిన మహాస్తూపపు దిబ్బయు కలవు. ఒకప్పుడు ఈ రెండును ఒకే నగరమున భాగములు: ధరణికోట పౌరుల నివాసము, దీపాలదిన్నె వారి పుణ్యస్థానము. గుంటూరు జిల్లాలో చిరకాలముగా ఉన్న ఈ గ్రామములు 2022 నుండి పల్నాడు జిల్లాలో చేరినవి.

ఈ స్థలము ఎన్నికకు కారణము ఊహించుట కష్టము కాదు. సముద్రము నుండి డెల్టా మీదుగా పడవలు ఇంతవరకు రాగలవు. ఇచటినుండి పైకి కొండలును, రాళ్లును అడ్డుపడును. ఎగువనుండి వచ్చు సరకు, దిగువనుండి వచ్చు సరకు చేతులు మారుటకు ఇది అనువైన తావు. చుట్టును సస్యసమృద్ధమైన నేల. కొలది దూరమున పలనాటి సున్నపురాయి. జనులు పాలరాయి అని పిలుచు ఈ రాతియందే తరువాతి కాలమున అమరావతి శిల్పము రూపుదాల్చినది.

నామవిచారము

ప్రాకృత శాసనములలో ఈ నగరము ధంఞకడ, ధంఞకడక అను రూపములతో కనబడును. 4వ శతాబ్దపు మైదవోలు తామ్రశాసనమునను ఈ ధంఞకడ రూపమే కలదు. పల్లవ సింహవర్మ పేరు గల అమరావతి స్తంభశాసనమున ధాన్యఘటమనియు, కోట వంశీయుల శాసనములలో ధాన్యకటకమనియు సంస్కృతరూపములు కలవు. ఒకే పేరునకు కటక, ఘట అను రెండు సంస్కృతరూపములు ఏర్పడుటను బట్టి, మూలరూపము ప్రాకృతమే యనియు, సంస్కృతీకరణము తరువాత జరిగినదనియు చెప్పవచ్చును. ప్రాకృతమున కడ శబ్దమును విన్న సంస్కృతకవి తనకు తోచిన సంస్కృతపదమును దానికి జోడించెను. కావున కటక శబ్దమునకు సేనానివేశమని అర్థము చెప్పి, దానినుండి నగర చరిత్రను ఊహించుట సాహసమగును.

టిబెట్టు పండితులు ఈ పేరును ధాన్యరాశి అను అర్థమున తమ భాషలోనికి మార్చుకొనిరి. 1416లో లాసా చెంత స్థాపింపబడిన డ్రెపుంగ్ విహారము పేరు ఈ అనువాదమే. కృష్ణాతీరమున పేరు మరుగున పడుచున్న కాలమున, హిమాలయముల కావల అదే పేరు ఒక మహావిహారమునకు పెట్టబడుట గమనింపదగినది. ధరణికోట అను పేరు ధంఞకడ నుండి ధ్వనిపరిణామమున వచ్చినది కాదు. అది కోటను బట్టి ఏర్పడిన వేరొక పేరు. అమరావతి అమరేశ్వరుని బట్టి వచ్చిన పేరు. మూడు పేర్లును మూడు దశలకు గుర్తులు: ధంఞకడ వణిజుల నగరము, ధరణికోట కోట రాజుల దుర్గము, అమరావతి శైవక్షేత్రము.

తొలి ఆవాసము

ధరణికోట దిబ్బను 1962 నుండి 1965 వరకు కేంద్ర పురావస్తుశాఖ పక్షమున ఎం. వెంకటరామయ్య, కె. రాఘవాచారి త్రవ్వించిరి. అడుగు పొరలలో నలుపు-ఎరుపు కుండపెంకులు లభించినవి. ఆవాసము క్రీ.పూ. 4వ శతాబ్ద ప్రాంతము నాటికే ఏర్పడినట్లు ఈ త్రవ్వకముల వలన తేలినది. ఇచట బయల్పడిన వానిలో మిక్కిలి విలువైనది నదికి సంబంధించిన నౌకాకాలువయు, దాని గట్టున పడవలు ఆగుటకై నిర్మించిన రేవుకట్టయు. మొదట కొయ్యస్తంభములతోను, పిమ్మట ఇటుకలతోను ఈ కట్టను నిర్మించిరి. నదీవర్తకము ఈ నగరమునకు ఆలంకారికమైన విషయము కాదనియు, పునాది యనియు చెప్పుటకు ఇంతకంటె ప్రత్యక్షమైన సాక్ష్యము వేరొకటి అక్కరలేదు.

అమరావతి స్తూపస్థలమున 1958-59లో ఆర్. సుబ్రహ్మణ్యం, కె. కృష్ణమూర్తి, తరువాత 1973 నుండి ఐ.కె. శర్మ త్రవ్వకములు జరిపిరి. బ్రాహ్మీలిపి గల కుండపెంకులును, పాలరాతి ప్రాకారమునకు పూర్వపు నల్లరాతి ప్రాకార స్తంభములును బయల్పడినవి. ఇచట దొరకిన శాసనయుక్తమైన ఒక రాతిముక్కను డి.సి. సర్కార్ అశోకుని స్తంభశాసన శకలముగా ప్రకటించిరి. భట్టిప్రోలు ధాతుకరండముల శాసనములును ఈ పరిసరములవే. కావున మౌర్యుల కాలము నాటికే కృష్ణ దిగువ తీరమున వ్రాత తెలిసిన, బౌద్ధధర్మము నెరిగిన నగరజీవనము ఉండెననుట నిస్సందేహము. శాతవాహనులు ఇచటికి వచ్చునప్పటికి నగరము వారి కొరకు ఎదురుచూచుచు లేదు. అది తన పనిలో తానున్నది.

నిగమమును, దాతలును

అమరావతి తొలి శాసనములలో ధంఞకడక నిగమము యొక్క దానము పేర్కొనబడినది. నిగమమనగా వణిజులు ప్రధానులుగా గల పట్టణము, లేక ఆ పట్టణపు సమష్టి. రాజును పేర్కొనకయే పట్టణము తన పేర దానము చేయుట ఈ నగర స్వభావమును తెలుపును.

దాతల పట్టిక ఇంకను తేటగా మాట్లాడును. చమ్మకారుడగు విధికుడు పూర్ణఘట శిల్పము గల ఫలకమును దానము చేసెను. అతడు తన తండ్రిని నాఘుడను ఉపాధ్యాయునిగా చెప్పుకొనెను. గంధికులు, అనగా సుగంధద్రవ్యముల వర్తకులు, దాతలలో కలరు. వణిజులును, గృహపతులును, హేరణికులును కలరు. రాజలేఖకుని దానమును, సేనాధికారి దానమును, రాజగు శివమకసదుని పానీయశాలాధికారి పేరును శాసనములకెక్కినవి. భిక్షువులు, భిక్షుణులు, గృహిణులు తమతమ పేర్లతో స్తంభములను, సూచులను, ఫలకములను ఇచ్చిరి. మహాచైత్యము ఏ ఒక్క రాజు కట్టడము కాదు. అది తరతరములుగా ముక్కముక్కగా పౌరులు కట్టుకొన్నది. తోలుపని చేయువాని పేరు రాజాధికారి పేరు సరసన నిలిచిన రాతిపుస్తకము ఇది.

వాసిష్ఠీపుత్ర పులుమావి కాలపు శాసనమొకటి, మహాచైత్యపు పడమటి ద్వారమున ధర్మచక్రము నెలకొల్పిన సంగతిని చెప్పును. మహాచైత్యము చైతికీయుల నికాయము వారి అధీనమున నుండెనని దీనివలన తెలియును. క్రీ.శ. 2వ శతాబ్దమున పాలరాతి ప్రాకారము అమరినది. స్తూపమునకు నాలుగు దిక్కులను ముందునకు పొడుచుకొని వచ్చిన వేదికలు, ఒక్కొక్కదానిపై అయిదేసి ఆయకస్తంభములు ఆంధ్రదేశ స్తూపముల ప్రత్యేకత. ఈ ప్రాకారమును ఆచార్య నాగార్జునుడు నిర్మింపజేసెనని టిబెట్టు చరిత్రకారుడగు తారనాథుడు వ్రాసెను.

రాజధాని ప్రశ్న

పులుమావి కాలపు నాసిక్ గుహాశాసనమందలి ఒక పదమును ధనకట అని గ్రహించి, దానిని ధాన్యకటకమునకు అన్వయించి, శాతవాహనరాజును ఆ నగరమునకు ప్రభువుగా పేర్కొన్నారని కొందరు విద్వాంసులు వ్యాఖ్యానించిరి. ఇతరులు ఆ పాఠమును, ఆ పదవిభాగమును అంగీకరింపలేదు. రాజధాని వాదమునకు మూలము చాలవరకు ఈ పాఠమే. పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణుల పేర్లు గల శాసనములు అమరావతియందు లభించినవి. వానివలన ఈ ప్రాంతము వారి ఏలుబడిలో నుండెనని సిద్ధించును గాని, వారు ఇచట నివసించి పాలించిరని సిద్ధింపదు. ఏలుబడి వేరు, రాజధాని వేరు. ఈ రెంటిని కలిపివేయుట వలన నగరమునకు గౌరవము పెరిగినట్లు తోచును. కాని అందువలన దాని అసలు విశిష్టత, అనగా రాజాశ్రయమునకు మించిన పౌరబలము, కనుమరుగగును.

తరువాతి చరిత్ర ఈ అభిప్రాయమును బలపరచును. శాతవాహనుల పిదప 3వ శతాబ్దమున ఇక్ష్వాకులు ఎగువనున్న విజయపురిని రాజధానిగా చేసికొనిరి. రాజసన్నిధి విజయపురికి పోయినను ధంఞకడ పాడుపడలేదు. 4వ శతాబ్దపు మైదవోలు శాసనమున పల్లవ యువమహారాజగు శివస్కందవర్మ కాంచీపురము నుండి ధంఞకడ యందున్న తన అధికారికి ఆజ్ఞ పంపెను. అంధాపథమందలి విరిపఱ గ్రామదానము అందలి విషయము. ఆంధ్రపథమున కార్యనిర్వహణకు పల్లవులు కొత్తగా పట్టణము కట్టుకొనలేదు, ఉన్నదానినే ఆశ్రయించిరి. నగరము ప్రభువులను మార్చుకొనెను గాని తన స్థానమును కోల్పోలేదు. ఇంతలో మహావైభవముతో వెలసిన విజయపురి రాజవంశముతోనే క్షీణించినది. ఒకే నది ఒడ్డున రెండు నగరముల గతి ఇట్లు వేరగుటయే రాజధానికిని నిగమమునకును గల భేదమును తెలుపును.

క్షీణదశలోని నగరము

క్రీ.శ. 639-40 ప్రాంతమున చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ ఈ దేశమునకు వచ్చెను. విహారములు అనేకములుగా నున్నను అధికభాగము నిర్జనములై శిథిలమైనవనియు, నిలిచినవి ఇరువది వరకు ఉండి వానిలో వేయిమంది వరకు భిక్షువులు ఉండిరనియు, దేవాలయములు నూరు వరకు కలవనియు అతడు వ్రాసెను. అయినను ఇచటి ఇద్దరు భిక్షువుల వద్ద మహాసాంఘికుల అభిధర్మమును అధ్యయనము చేయుటకు అతడు కొంతకాలము ఆగెను. విహారములు బోసిపోయినను విద్య పోలేదన్నమాట. పూర్వశైల, అపరశైల విహారముల ఉనికిని గూర్చి అతడు వ్రాసిన వర్ణనను బట్టి, 19వ శతాబ్దమున కొందరు పరిశోధకులు బెజవాడయే ధాన్యకటకమని వాదించిరి. అమరావతి శాసనములలోని నగరనామము ఆ వాదమును నిలువనీయలేదు.

పల్లవ సింహవర్మ పేరు గల సంస్కృత స్తంభశాసనము ఒక విచిత్రము. దాని పంక్తులను క్రిందినుండి పైకి చదువవలసియున్నది. దిగ్విజయము ముగించి మరలుచు రాజు ధాన్యఘటమును దర్శించి బౌద్ధధర్మము నాలకించినట్లు అందు చెప్పబడినది. రాజవంశపు పౌరాణిక వంశావళియు, బుద్ధుని స్తుతియు ఒకే రాతిపై చేరుట ఈ క్షేత్రమున వైదిక, బౌద్ధ మార్గములు ఎదురెదురుగా గాక ప్రక్కప్రక్కగా నడచిన తీరునకు నిదర్శనము.

కోట వంశీయులు

12, 13వ శతాబ్దములలో ధరణికోట రాజధానిగా కోట వంశీయులు పాలించిరి. ధాన్యకటకపురాధీశ్వరులమని బిరుదము ధరించిరి. నగరమునకు రాజధాని యను పదము నిస్సందేహముగా చెల్లునది ఈ కాలముననే. శక సంవత్సరము 1104, అనగా క్రీ.శ. 1182 నాటి కోట కేతరాజు శాసనము అమరేశ్వరాలయమున కలదు. శివభక్తుడగు ఆ రాజు అమరేశ్వరునికి దానములు చేయుటయే గాక, బుద్ధదేవునికి మూడు గ్రామములను, అఖండదీపములను సమర్పించెను. రాజగృహపు స్త్రీలును బుద్ధునికి దీపములు పెట్టిరి. బౌద్ధము ఆంధ్రదేశమున 7వ శతాబ్దముతో నశించెనని స్థూలముగా చెప్పుట ఈ శాసనము ముందు నిలువదు.

కాకతీయ గణపతిదేవుని కుమార్తె గణపాంబ కోట బేతరాజును వివాహమాడి, భర్త మరణానంతరము ఈ రాజ్యమును పాలించెను. క్రీ.శ. 1250 నాటి యనమదల శాసనము ఆమెది. కోట రాజ్యము కాకతీయ సామ్రాజ్యమున అంతర్భాగమైన పిమ్మట నగరపు రాజకీయ ప్రాధాన్యము ముగిసినది. కాని క్షేత్రఖ్యాతి ముగియలేదు. 1344 నాటి సింహళములోని గడలదెణియ శిలాశాసనము, ధర్మకీర్తి స్థవిరుడు ధాన్యకటకమున రెండంతస్తుల విగ్రహగృహమును బాగుచేయించినట్లు చెప్పుచున్నది. అప్పటికి కాకతీయ సామ్రాజ్యము పతనమై ఇరువది యేండ్లు దాటినది. రాజ్యములు మారుచున్న ఆ సంక్షోభకాలమునను సముద్రము దాటి ఒక భిక్షువు ఇచటి బౌద్ధాలయమును ఉద్ధరించుట గుర్తుంచుకొనదగిన సంగతి.

దీని తరువాత బౌద్ధమును గూర్చి స్థానిక సాక్ష్యము కానరాదు. రెడ్డిరాజుల కాలమున కొండవీడు ప్రధానమైనది. 1515లో కొండవీటిని జయించిన శ్రీకృష్ణదేవరాయలు అమరేశ్వరుని సన్నిధిని తులాపురుషదానము చేసెను. ఆయన వచ్చినది శైవక్షేత్రమునకు. స్తూపము అప్పటికి మట్టిదిబ్బ.

పునఃస్థాపనయు, విధ్వంసమును

18వ శతాబ్దపు చివర చింతపల్లి జమీందారగు రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన నివాసమును అమరావతికి మార్చి కొత్త పట్టణమును నిర్మించెను. అమరేశ్వరాలయమును జీర్ణోద్ధరణము చేసెను. కొత్త పట్టణమునకు రాయి కావలెను. దీపాలదిన్నెలో చెక్కిన రాయి సిద్ధముగా నుండెను. ఆ రాళ్లు నిర్మాణములకును, కోనేటికిని ఉపయోగింపబడినవి. పాలరాయి సున్నపురాయి యగుటచే బట్టీలలో కాల్చి సున్నము చేసిన ముక్కలును కలవు. నగరము రెండవసారి పుట్టుటకు మొదటి నగరపు కీర్తి ఇట్లు ఆహుతియైనది.

కర్నల్ కాలిన్ మెకంజీ 1797లో ఇచటి శిల్పములను చూచెను. 1816లో మరల వచ్చునప్పటికి దిబ్బ నడిభాగమును త్రవ్వి చెరువుగా మార్చియుండిరి. ఆయన తన సహాయకులచే వ్రాయించిన చిత్రములు నేడు ఎన్నో శిల్పములకు మిగిలిన ఏకైక సాక్ష్యములు. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిల్పములు మద్రాసునకు, అచటినుండి 1859లో లండనునకు చేరినవి. 1877లో రాబర్ట్ సెవెల్ త్రవ్వించెను. 1880లో ప్రభుత్వపు ఆజ్ఞచే మిగిలిన దిబ్బను పూర్తిగా త్రవ్విరి. 1881-82లో జేమ్స్ బర్జెస్ వచ్చి మిగిలినవానిని గుర్తించి ప్రకటించెను.

నష్టమునకు సున్నపుబట్టీలొక్కటే కారణము కాదు. ఏ రాయి ఏ దిక్కున, ఏ ఎత్తున ఉండెనో వ్రాసికొనకయే తీసివేయుట అంతటి నష్టము. శిల్పములు నేడు లండను, చెన్నై, అమరావతి ప్రదర్శనశాలలలో చెల్లాచెదరై యున్నవి. దాతపేరు ఒకచోట, అతడిచ్చిన శిల్పము వేరొకచోట ఉండుట సంభవించినది. 1942లో సి. శివరామమూర్తి మద్రాసు ప్రదర్శనశాల శిల్పములను, శాసనములను లిపిపరిణామముతో సహా వివరించి ప్రకటించుటచే కాలనిర్ణయమునకు కొంత స్థిరత్వము కలిగినది.

భాషాసాక్ష్యము

సంస్కృతాంధ్ర పండితులకు ఈ నగరము మరొక విధమున ముఖ్యము. అమరావతి శిలాఫలక శకలమొకదానిపై నాగబు అను అక్షరములను వేటూరి ప్రభాకరశాస్త్రి తెలుగుపదముగా గుర్తించిరి. మువర్ణకమునకు మూలమగు బువర్ణకము ఇందు కలదని భావించి, దీనిని తొలి తెలుగుపదముగా పలువురు స్వీకరించిరి. అయితే ఫలకము విరిగినది. నాగబుధి వంటి పేర్లు అమరావతి దాతలలో సామాన్యములు. విరిగినచోట పదము ముగిసెనో, పేరు తెగెనో చెప్పుట దుష్కరము. కావున దీనిని నిర్ణీతసత్యముగా గాక విచారణీయాంశముగా బోధించుట యుక్తము.

సందేహము లేని సాక్ష్యము వేరొకటి కలదు. ఒకే స్థలమున మొదట ప్రాకృతము, పిమ్మట సంస్కృతము, అనంతరము కోట వంశీయుల శాసనములలో సంస్కృతముతో కూడిన తెలుగు వరుసగా కానవచ్చుచున్నవి. దానము చేయువాడు ఎవడు, ఎవరు చదువవలెనని వ్రాయించెను అను ప్రశ్నలకు భాష మారినప్పుడెల్ల సమాధానము మారినది. చమ్మకారుడు తన దానమును ప్రాకృతమున వ్రాయించెను. రాజు తన వంశమును సంస్కృతమున చెప్పించెను. దానభూముల ఎల్లలు తెలుగున నిలిచినవి.

ఉపసంహారము

పై విచారము వలన మూడు విషయములు తేలుచున్నవి. మొదటిది, ధాన్యకటకము నదీవర్తకము వలన పుట్టి, పౌరుల దానధర్మముల వలన పెరిగిన నిగమము. రాజధానిత్వము దాని చరిత్రలో ఒక దశయే గాని మూలము కాదు. రెండవది, బౌద్ధక్షేత్రముగా దాని జీవితము 14వ శతాబ్దము వరకు సాగినది. మూడవది, దాని విధ్వంసము చాలవరకు 18వ శతాబ్దపు చివరనుండి 1882 వరకు నూరేండ్ల లోపల జరిగినది.

2006 జనవరిలో అమరావతియందు జరిగిన కాలచక్ర ఉత్సవమునకు దలైలామా విచ్చేయుట వలన టిబెట్టు సంప్రదాయపు స్మృతి మరల ఈ గట్టును చేరినది. 2015లో ఆంధ్రప్రదేశ్ నూతన రాజధానికి అమరావతి యను పేరు పెట్టబడి, ఆ అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెమున శంకుస్థాపన జరిగినది. ఆ స్థలము నదికి దిగువన వేరుగా నున్నది. ఒకే పేరు రెండు స్థలములకు వచ్చుటచే ప్రాచీన శాసనముల నేపథ్యమును విద్యార్థులు పొరబడు అవకాశము కలదు. కావున బోధనయందు ధాన్యకటక, ధరణికోట, అమరావతి నామముల కాలభేదమును స్పష్టపరచుట అవసరము. ధరణికోట దిబ్బలో త్రవ్వినది కొలదిభాగము మాత్రమే. స్తూపము ఎంత పోయినను, ఆ స్తూపమును కట్టిన పౌరుల ఇండ్లును, వీథులును ఆ మట్టికట్ట లోపలనే యుండవలెను. విధికుని వంటివారి నగరమును ఎరుగుటకు మిగిలిన మార్గము అదియే. ఆ దిబ్బను కాపాడుట చరిత్రాభిమానుల తొలి కర్తవ్యము.